గ్యాస్ మాత్రతో వచ్చిన వణుకు

అరవై దాటిన మనిషికి చేతులు వణికి, నడక మందగిస్తే చూసినవారికి ముందుగా తోచేది పార్కిన్సన్స్ వ్యాధే. నా విషయంలోనూ అదే జరిగింది. అన్నం కలుపుకోవడానికే చాలాసేపు పట్టేది. చొక్కా గుండీలు మా ఆవిడ పెట్టేది. ఏళ్ల తరబడి నల్లబల్ల మీద పెద్దపెద్ద అక్షరాలతో భౌతికశాస్త్రం రాసిన చేతితో బ్యాంకు చీటీ మీద సంతకం మొదలుపెడితే, ఇంటిపేరు దాటేసరికి అక్షరాలు ఆనవాలు పట్టలేనంత చిన్నవైపోయేవి.

గుంటూరులో నరాల వైద్యులు నా మణికట్టు పట్టుకొని వంచి చూశారు. అది సాఫీగా వంగక, పళ్లచక్రం తిరిగినట్టు ఆగి ఆగి కదిలింది. పార్కిన్సన్స్ సాధారణంగా ఒక పక్కన మొదలవుతుంది. నాకు రెండు పక్కలా ఒకేలా ఉండటం, కొద్ది నెలల్లోనే ముదరడం ఆయనకు అనుమానం కలిగించాయి. "మాస్టారూ, గ్యాస్‌కు ఏమైనా వాడుతున్నారా?" అని అడిగారు. రోజూ పరగడుపున వేసుకునే క్యాప్సూళ్ల అట్ట తీసి ఇచ్చాను. దాని మీద ఆమ్లం తగ్గించే పాంటోప్రజోల్ పక్కనే లెవోసల్పిరైడ్ పేరు కూడా ఉంది.

పొట్ట కోసం వేసుకున్న మందు కాళ్లను, చేతులను ఎలా పట్టిందో ఆయన వివరించగా కొంత, తరువాత చదివి కొంత తెలుసుకున్నాను. నాడీకణాల మధ్య సంకేతాలు మోసే రసాయనం డోపమైన్; దాన్ని అందుకునే, కణాల మీది గ్రాహకాల్లో డి1, డి2 అనే రకాలున్నాయి. లెవోసల్పిరైడ్ వీటిలో డి2 గ్రాహకాలను అడ్డుకుంటుంది. జీర్ణాశయంలో దానివల్ల కదలిక పెరిగి తిన్నది త్వరగా కిందికి దిగుతుంది. అదే పనికి వాడే డొంపెరిడోన్ మెదడులోకి పెద్దగా చేరదు గానీ, ఇది చేరుతుంది. అక్కడ కదలికలను నియంత్రించే స్ట్రయేటం అనే భాగంలోని నాడీకణాలు సహజంగా నిశ్శబ్దంగా ఉంటాయి. విశ్రాంతిలో వాటి పొర వోల్టేజి మైనస్ 80 మిల్లీవోల్టుల దరిదాపుల్లో ఉండి, మెదడు పైపొర నుంచి ఒకేసారి ఎన్నో సంకేతాలు వచ్చి పడితే తప్ప అవి స్పందించవు. ఎంత తేలికగా స్పందించాలో నిర్ణయించేది డోపమైన్. డి1 గ్రాహకాలున్న కణాల్లో అది సైక్లిక్ ఏఎంపీ అనే, కణం లోపల సంకేతాన్ని చేరవేసే రసాయనాన్ని పెంచి, కాల్షియం మార్గాలు సులువుగా తెరుచుకునేలా చేసి వాటిని ఉత్తేజపరుస్తుంది. కదలికకు దారి ఇచ్చేవి ఈ కణాలు. డి2 గ్రాహకాలున్న కణాల్లో అదే డోపమైన్ సైక్లిక్ ఏఎంపీని తగ్గించి, వాటి జోరును అణచిపెడుతుంది. ఇవి కదలికను ఆపేవి. మందు డి2ను మూసేసరికి, ఆపే కణాలకు అదుపు లేకుండాపోయింది. ఒకే రసాయనం ఒక కణాన్ని ఉసిగొల్పి దాని పక్క కణాన్ని అణచడం, జబ్బు నాదే అయినా సరే, పాఠాలు చెప్పినవాణ్ణి గనుక నాకు ముచ్చటగానే అనిపించింది.

పార్కిన్సన్స్‌లో డోపమైన్ తగ్గినప్పుడు, మెదడులో డోపమైన్‌గా మారే ఎల్-డోపా అనే మందు ఇస్తారు కదా, నాకూ ఇవ్వరాదా అని అడిగాను. 1950ల చివర స్వీడన్ శాస్త్రవేత్త ఆర్విడ్ కార్ల్‌సన్, సర్పగంధి నుంచి వచ్చే రెసర్పిన్‌తో కదలిక పోయిన కుందేళ్లను ఎల్-డోపాతోనే లేపి నడిపించారని చదివి ఉన్నాను. ఆ కుందేళ్లలో డోపమైన్ ఖాళీ అయింది. నాలో డోపమైన్ ఉంది, దాన్ని అందుకునే గ్రాహకాలే మూతపడ్డాయి. అందువల్ల ఎల్-డోపాతో పెద్ద ప్రయోజనం ఉండదనీ, మందు ఆపడమే అసలు చికిత్స అనీ డాక్టరుగారు చెప్పారు.

మందు ఆపిన వెంటనే ఏమీ మారలేదు. మొదట వణుకు తగ్గింది, తరువాత మెడ వదులైంది, నడక కుదుటపడటానికి మాత్రం నెలలు పట్టింది. కొందరిలో లోపల దాగి ఉన్న పార్కిన్సన్స్ ఇలాంటి మందుతో బయటపడుతుందట. అందుకే పూర్తిగా తేరుకున్నాక కూడా నన్ను పరీక్షకు రమ్మంటున్నారు.

కడుపుబ్బరం ఇంకా అప్పుడప్పుడూ వస్తూనే ఉంది. రాత్రి భోజనం పెందలాడే ముగించి, పులుపు, కారం తగ్గించాను. ఎవరు కొత్తగా మందుల చీటీ రాసినా, లెవోసల్పిరైడ్ గానీ అదే కోవకు చెందిన మెటోక్లోప్రమైడ్ గానీ నాకు పడవని ముందే చెబుతున్నాను.