తుంటి ఆపరేషన్ తర్వాత సంధి (డెలిరియం): ఎముకల వార్డులో నా అనుభవం

ఎముకల వార్డుకి తుంటి విరిగి వచ్చేవాళ్లలో ఎక్కువమంది డెబ్బై దాటినవాళ్లే. బాత్రూంలో కాలు జారడమో, రాత్రిపూట లేచి తూలి పడటమో. ఆపరేషన్ బాగానే అవుతుంది. రెండో రాత్రో మూడో రాత్రో కొడుకు కౌంటర్ దగ్గరికొచ్చి, "సిస్టర్, అమ్మ ఏదేదో మాట్లాడుతోంది, మత్తు డోసు ఎక్కువైందా?" అంటాడు. ఇలా హఠాత్తుగా మతి తప్పడాన్నే ఊళ్లో సంధి అంటారు, కేస్ షీటులో డెలిరియం అని రాస్తారు. మత్తుమందు ఒక్కటే కారణమవడం తక్కువ. సాధారణంగా నాలుగైదు కారణాలు ఒకదానిమీద ఒకటి పడతాయి, ఒంట్లో సత్తువ తగ్గిన మనిషి తట్టుకోలేకపోతుంది.

అందుకే అడ్మిషన్ రోజున నా మొదటి ప్రశ్న ఎముక గురించి కాదు. "పడటానికి రెండు వారాల ముందు ఎలా ఉండేవారు?" అని అడుగుతాను. స్ట్రెచర్ మీద అందరూ నీరసంగానే కనిపిస్తారు, ఆ రోజు చూపు దేనికీ పనికిరాదు. కెనడా వైద్యుడు కెన్నెత్ రాక్‌వుడ్ బృందం 2005లో ఇచ్చిన, ఒంట్లో సత్తువ ఎంత తగ్గిందో చెప్పే ఫ్రెయిల్టీ స్కేలు ఇప్పుడు 1 నుంచి 9 దాకా ఉంటుంది. వంట, డబ్బు లెక్క, బజారు పనికి ఇంకొకరి మీద ఆధారపడితే 5. స్నానానికీ మెట్లెక్కడానికీ సాయం కావాలంటే 6. అయిదూ ఆపైన ఉన్నవాళ్ల విషయంలో సంధి వస్తుందనే లెక్కలో మొదటి రోజు నుంచే జాగ్రత్తపడతాం.

రెండోది మందుల సంచి. చీటీ కాదు, స్ట్రిప్పులే తెమ్మంటాను. చీటీలో లేనివే ఎక్కువ ఇబ్బంది పెడతాయి: నిద్రకని షాపులో అడిగి తెచ్చుకునే అల్ప్రజోలం, జలుబుకి క్లోర్‌ఫెనిరమిన్, కాళ్ల మంటలకి అమిట్రిప్టిలిన్. చివరి రెండూ మతిని మసకబారుస్తాయి. అల్ప్రజోలం వాడినా మసకే, ఏళ్ల తరబడి వాడుతూ ఒక్కసారిగా మానినా సంధే. బీపీకి వేసుకునే క్లోర్‌థాలిడోన్, హైడ్రోక్లోరోథయజైడ్ రక్తంలో సోడియంని (ఉప్పుని) కిందికి లాగుతాయి. 135 నుంచి 145 మధ్య ఉండాల్సింది 120కి దిగిందంటే మనిషి అయోమయంలో పడటానికి అది చాలు.

ఉమ్మడి మహబూబ్‌నగర్, నిజామాబాద్ జిల్లాల నుంచి వచ్చినవాళ్లనైతే కల్లు సంగతి తప్పకుండా అడుగుతాను, ఆడవాళ్లనైనా సరే. కల్తీ కల్లులో డయాజిపామ్, అల్ప్రజోలం, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలుపుతుంటారు. రోజూ తాగే మనిషికి అది హఠాత్తుగా ఆగితే రెండు మూడు రోజుల్లో వణుకు, నిద్రలేమి, ఫిట్స్ కూడా రావచ్చు. మొహమాటానికి ఇంట్లోవాళ్లు దాచేస్తారు. అలా దాస్తే వైద్యమే తారుమారవుతుంది, అదెలాగో కింద చెబుతాను.

ఆపరేషన్ అయ్యాక రోజూ సంధిని పసిగట్టే 4ఏటీ పరీక్ష చేస్తాను. రెండు నిమిషాల పని. ఇందులో మార్కులు పడేది తేడాకే. మెలకువగా ఉందా, మగతగా ఉందా, అతిగా కంగారు పడుతోందా అన్నది ముందు చూడాలి. మెలకువలో స్పష్టంగా తేడా ఉంటే దానికే 4 మార్కులు. తర్వాత వయసు, పుట్టినతేదీ, ఉన్న చోటు, సంవత్సరం. ఇక్కడే మన పెద్దవాళ్లతో చిక్కు. పుట్టినతేదీ ఎప్పుడూ తెలియని మనిషి ఇవాళ చెప్పలేకపోతే అది జబ్బు కాదు. "దివిసీమ ఉప్పెన నాటికి పెద్దాడు చంకలో ఉన్నాడు" అనే లెక్కలో బతికినవాళ్లు వాళ్లు. మామూలుగా అయితే చెప్పగలిగేవారా అని పక్కనున్నవాళ్లని అడిగి తెలుసుకోవాలి. మూడోది డిసెంబరు నుంచి నెలలు వెనక్కి చెప్పించడం. ఏడు నెలలు సరిగ్గా చెబితే సున్నా. ఇంగ్లీషు నెలలు రానివాళ్లకి ఫాల్గుణం, మాఘం, పుష్యం అని వెనక్కి అడుగుతాను. అదీ రాకపోతే వారాలు. ఇవి ఆ పరీక్ష కాగితంలో లేవు, కానీ ధ్యాస నిలుస్తోందో లేదో తెలిసిపోతుంది. సంధిలో ఉన్న మనిషి "శనివారం, శుక్రవారం" దాకా వచ్చి, కిటికీ వైపు చూసి, మళ్లీ శనివారం అంటుంది. నాలుగోది, ఈ మార్పు హఠాత్తుగా వచ్చిందా, పూటపూటకీ మారుతోందా అన్నది. ఔనంటే మరో 4. ఇది అటెండెంట్ మాత్రమే చెప్పగలిగిన సంగతి. మొత్తం 4 దాటినా, 4 వచ్చినా సంధి అనే అనుకుని కారణం వెతుకుతాం.

అరిచి, సెలైన్ సూది పీక్కునే మనిషిని ఎవరైనా గమనిస్తారు. నా భయమంతా రెండో రకంతో. పిలిస్తే కళ్లు తెరిచి మూసేస్తుంది, ముద్ద నోట్లోనే పెట్టుకుంటుంది, అడగందే మాట్లాడదు. "ఇవాళ ప్రశాంతంగా పడుకుంది సిస్టర్" అని ఇంట్లోవాళ్లు సంతోషంగా చెబుతారు. అదీ సంధే. ఆ మగతలోనే ముద్ద ఊపిరితిత్తుల్లోకి పోయి నిమోనియా వస్తుంది, నడుం కింద పుండు పడుతుంది. మగతగా ఉన్నప్పుడు తినిపించొద్దు. పూర్తిగా మేలుకున్నాక నిటారుగా కూర్చోబెట్టి పెట్టండి.

కారణాల వేటలో ముందు ఆక్సిజన్, షుగర్, జ్వరం, బీపీ చూసుకుని వెంటనే పొత్తికడుపు మీదికి వెళతాను. కాథెటర్ (మూత్రం గొట్టం) తీసిన తర్వాత డైపర్ తడిసింది కాబట్టి మూత్రం వస్తోందనుకుంటారు. నిండిన మూత్రాశయం పొంగి చుక్కలుగా కారినా డైపర్ తడుస్తుంది. బొడ్డు కింద గట్టిగా తగిలితే స్కాన్ చేయించాలి. అర లీటరు నిలిచిపోయి ఉంటే, అది తీయగానే మనిషి కుదుటపడటం నేను చాలాసార్లు చూశాను. మలం కథా అంతే. నొప్పి మందు ట్రమడాల్‌తో గట్టిపడి అడ్డుపడుతుంది, దాని పక్కనుంచి నీళ్లలా జారుతుంది, విరేచనాలనుకుని అవి ఆగడానికి మందు వేస్తారు. ఇంకో మాట: మూత్ర పరీక్షలో సూక్ష్మజీవులు కనిపించినంత మాత్రాన యాంటీబయాటిక్ అక్కర్లేదు. ఈ వయసులో ఏ ఇబ్బందీ లేకుండానే అవి చాలామందిలో ఉంటాయి. అసలు కారణం దొరికిందనుకుని వెతకడం ఆపేయడమే దానివల్ల వచ్చే నష్టం.

నొప్పిని పెద్దవాళ్లు చెప్పరు. పక్కకి తిప్పేటప్పుడు మొహం చూడాలి. పారాసిటమాల్ అడిగినప్పుడు కాకుండా, బరువుని బట్టి డాక్టర్ రాసిన మోతాదులో గంటల ప్రకారం పడితే ట్రమడాల్ అవసరం తగ్గుతుంది.

మిగతాదంతా మందుల్లేని పని. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో షారన్ ఇనోయె బృందం 1999లో ప్రచురించిన ప్రయోగంలో కళ్లజోడు, వినికిడి యంత్రం, నీళ్లు, నిద్ర, నడక, పలకరింపు లాంటివాటితోనే సంధి 15 శాతం నుంచి 9.9 శాతానికి తగ్గింది. కళ్లజోడు పోతుందని ఇంట్లోనే దాచి రావడం మనవాళ్ల అలవాటు. తెప్పించండి, పళ్ల సెట్టు కూడా. కిటికీ పక్క మంచం దొరికితే అడగండి. పగలు కర్టెన్ తీసి ఉంచాలి, రాత్రి పెద్ద లైటు ఆపాలి. అర్ధరాత్రి బీపీ అవసరమా అని రౌండ్స్‌లో డాక్టర్‌ని అడగొచ్చు, తప్పేం లేదు. పదిమంది చూసిపోవడం కన్నా ఒకే మనిషి రోజంతా ఉండటం మేలు. లేని మేనమామ కనిపిస్తున్నాడంటే వాదించకండి, సరేననీ ఊకొట్టకండి. "నేనున్నాగా, ఇది ఆసుపత్రి, పొద్దున్నే కాఫీ తాగుదాం" అని మాట మళ్లించండి.

డాక్టర్ వద్దనకపోతే ఆపరేషన్ మర్నాడే కుర్చీలో కూర్చోబెట్టాలి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లే పది రోజులు మంచం మీద ఉంటే కాళ్ల కండ దాదాపు ఒక కిలో కరిగిపోతుంది. నిలబెట్టే ముందూ, నిలబడ్డాక మూడు నిమిషాల్లోపూ బీపీ చూడాలి. పై అంకె 20 పడిపోతే ఆ పూట నడక ఆపి, నీళ్లూ మాత్రలూ సరిచూస్తాం. తిండిలో జావ, కొబ్బరినీళ్లతో కండ నిలవదు. 50 కిలోల మనిషికి రోజుకి 60 గ్రాముల ప్రోటీన్ కావాలి. ఒక గుడ్డులో 6 గ్రాములే ఉంటుంది, గ్లాసు పాలలోనూ అంతే. కిడ్నీ జబ్బుంటే ఈ లెక్క డాక్టరే చెప్పాలి.

చేతులు కట్టేయమని కొందరు అడుగుతారు. కడితే పెనుగులాట పెరుగుతుంది. కాథెటర్ కూడా ఒక కట్టే, అవసరం తీరిన రోజే తీసేయించండి. నిద్ర ఇంజెక్షన్లతో సంధి ఇంకా ముదురుతుంది. అయితే నిద్రమాత్రో కల్తీ కల్లో ఆగినందువల్ల వచ్చిన సంధికి మాత్రం ఆ కోవ మందే వైద్యం, అందుకే దాచొద్దన్నది. ఉద్రేకాన్ని తగ్గించే హాలోపెరిడాల్‌ని తనకో ఇతరులకో ప్రమాదమైనప్పుడే, అర మిల్లీగ్రాము లేదా అంతకన్నా తక్కువతో మొదలుపెడతారు. పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) ఉన్నవాళ్లకి అది ఇవ్వకూడదు. ఆ జబ్బు సంగతి రాత్రి డ్యూటీ డాక్టర్‌కి తెలియకపోవచ్చు, మీరే చెప్పండి.

సంధి పూర్తిగా తగ్గడానికి కొందరికి వారాలు పడుతుంది. గాయం బాగుండి, జ్వరం లేకుండా, తింటూ ఉంటే ఆ మిగిలిన మసకతోనే ఇంటికి పంపేస్తాం. తెలిసిన గోడల మధ్య త్వరగా తేరుకుంటారు. జ్వరం వచ్చినా, మూత్రం ఆగినా, మగత పెరిగినా వెనక్కి తీసుకురావాలి. మూడు నెలలకీ మతిమరుపు మిగిలితే జ్ఞాపకశక్తి పరీక్ష చేయించండి. డిశ్చార్జి కాగితంలో సంధి వచ్చిందని రాయించుకోండి, మరో ఆపరేషన్‌కి మత్తు డాక్టర్ చూడాల్సిన మొదటి లైన్ అదే. వార్డులో మొదలుపెట్టిన హాలోపెరిడాల్ ఇంటి మందుల్లోనూ ఉంటే దాని ఎదురుగా ఆపే తేదీ ఉందో లేదో కౌంటర్ దగ్గరే చూసుకోండి.