తాబేలు ఏ కాలు కుంటిది?

సెలవులకి మా అన్నయ్య పిల్లలిద్దరూ వచ్చారు, వాళ్ళకి తోడు మా పక్కింటి పిల్లాడు. ముగ్గురూ కలిసి కథ రాసిపెట్టమని నా ప్రాణం తీశారు. మామూలు కథ కాదట, పిల్లలే దొంగని పట్టుకునే కథ కావాలట. సరే అని ఓ రాత్రి కూర్చుని రాసేశాను. మ్యూజియంలో పాతకాలం నాటి రాగి శాసనం, అర్ధరాత్రి దొంగతనం, కిటికీ కింద బూటు గుర్తులు, పిల్లలు టార్చిలైటు పట్టుకుని వెంటపడడం, పాడుబడ్డ గోడౌను, ఆఖర్లో పోలీసు జీపు, అందరూ చప్పట్లు. నాకైతే బాగానే కుదిరిందనిపించింది. మర్నాడు పొద్దున్నే చదివి వినిపించాను.

పెద్దదానికి పదమూడేళ్ళు. అంతా విని, "అత్తా, చీకట్లో కిటికీ దూకి వచ్చినవాడికి ఆ శాసనం ఏ గదిలో ఉందో, అద్దాల పెట్టె ఎలా తెరుచుకుంటుందో ఎవరు చెప్పారు?" అంది.

నా దగ్గర సమాధానం లేదు. ఈ రకం కథల్లో దొంగ ఎప్పుడూ బయటినుంచే వస్తాడు, మొహం చూస్తేనే దొంగ అని తెలిసిపోతుంది, పైగా దారిపొడుగునా ఆనవాళ్ళు పారేసుకుంటూ పోతాడు. నేనూ అదే రాశాను. నిజంగా అలా ఉండదని తెలిసి కూడా! సమాధానం లేక వాళ్ళకి మోనాలిసా సంగతి చెప్పాను. 1911 ఆగస్టు 21, సోమవారం. అప్పట్లో సోమవారాలు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలోకి సందర్శకులని రానిచ్చేవారు కాదు. అంతకుముందు అక్కడే బొమ్మలకి అద్దాల పెట్టెలు బిగించే పని చేసిన విన్సెంజో పెరూజియా అనే ఆయన ఆ పటాన్ని గోడ మీంచి దించి, చట్రం ఊడదీసి పారేసి, బొమ్మ పట్టుకుని నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. గోడ ఖాళీగా కనబడితే ఫొటో తీయడానికి పట్టుకెళ్ళారేమో అనుకున్నారట. పోయిందని తేలింది మర్నాడు. పోలీసులు తర్వాత అతన్ని కూడా ప్రశ్నలడిగి వెళ్ళారు, బొమ్మ మాత్రం రెండేళ్ళపైన అతని దగ్గరే ఉంది. 1913 డిసెంబరులో ఫ్లారెన్స్‌లో అమ్మబోయి దొరికిపోయాడు.

"అయితే మనం ముందు చూడాల్సింది కిటికీ కాదు, తాళాలు ఎవరి దగ్గరుంటాయో చూడాలి" అన్నాడు పక్కింటి పిల్లాడు. వాడు మామూలుగా నోరు విప్పడు. చిన్నోడికి ఇవేం పట్టలేదు, కథలో కుక్క లేదని వాడి బాధ. ఆ మాటకొస్తే వాడి పక్షానా చరిత్ర ఉంది. 1966లో లండన్‌లో ఫుట్‌బాల్ ప్రపంచకప్పు పోతే, వారానికి దాన్ని కనిపెట్టింది పికిల్స్ అనే కుక్క. పొద కింద న్యూస్‌పేపర్ చుట్టి పడేసి ఉంది కప్పు. ఇది చెప్పి నేను చేసిన తప్పేంటంటే, ఆ తర్వాత మూడు రోజులు ఇంట్లో కుక్క తప్ప మరో మాట లేదు. (అదే కప్పు 1983లో రియోలో మళ్ళీ పోయింది, ఇక దొరకలేదు. ఈ ముక్క వాడికి చెప్పలేదు.)

అసలు సంగతి ఆ సాయంత్రం తేలింది. పోయిన వస్తువు ఎక్కడో కనబడిందే అనుకుందాం, అది మనదేనని ఎలా రుజువు చేస్తాం అని పెద్దది అడిగింది. "చూస్తే తెలీదా?" అన్నాను. "సరే, అయితే నీ బల్ల మీద తాబేలు ఎలా ఉంటుందో చూడకుండా చెప్పు" అంది.

కాగితాలు ఎగిరిపోకుండా పెట్టుకునే ఇత్తడి తాబేలు అది. పదేళ్ళుగా నా కళ్ళ ముందే ఉంది. ఇత్తడిది, తాబేలు, ఇంత ఉంటుంది అని చేత్తో చూపించి ఆగిపోయాను. అంతకంటే రాలేదు! దాన్ని దాచేసి ముగ్గురూ మొదలుపెట్టారు. పెద్దది తన జానతో కొలిచిందట, జానకి రెండు వేళ్ళు తక్కువ. పక్కింటి పిల్లాడు, బల్ల మీద పెడితే టకటకమని ఊగుతుంది, వెనక ఎడమ కాలు అరిగింది అన్నాడు. చిన్నోడు పొట్ట కింద అతుకేసిన మచ్చ ఉందన్నాడు, నేల మీద పడుకుని ఆడుకునేవాడికి పొట్టలే కనబడతాయి మరి. తీసి చూస్తే మూడూ నిజమే. ఊగకుండా ఆ కాలికింద మడతపెట్టిన కాగితం ముక్క పెట్టింది నేనే, అదీ మర్చిపోయాను.

పిల్లలకి ఆట గానీ, పోయిన విగ్రహాలు తిరిగొచ్చేది ఇలాంటి గుర్తుల వల్లే. తమిళనాడు శ్రీపురంతాన్ గుడిలోని నటరాజ విగ్రహాన్ని 2006లో ఎత్తుకెళ్ళారు. గుడి మూసే ఉండడంతో పోయిన సంగతే చాన్నాళ్ళు ఎవరికీ తెలీదు. 2008లో ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ దాన్ని 50 లక్షల డాలర్లు పెట్టి కొంది, కాగితాలన్నీ సక్రమంగా ఉన్నట్టే చూపించారు. పట్టిచ్చింది ఫొటోలు. పుదుచ్చేరిలోని ఫ్రెంచి ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ఎప్పుడో గుడిలో తీసి పెట్టుకున్న బొమ్మనీ, గ్యాలరీలో ఉన్నదాన్నీ పక్కపక్కన పెట్టి చూశారు. 2014లో విగ్రహం వెనక్కి వచ్చింది. ఆ ఫొటోయే లేకపోతే అడగడానికి మన నోట్లో మాటుండేది కాదు. వస్తువుల వివరాలు ఎలా రాసి పెట్టుకోవాలో 1997లో ఆబ్జెక్ట్ ఐడీ అని ఒక పద్ధతే తెచ్చారు. ఫొటోలు, కొలతలు, దేంతో చేశారు, మీద ఏం రాసుంది, పగుళ్ళు, అతుకులు, అరుగుదల. మా తాబేలు పరీక్ష అచ్చం అదే.

ఆ రాత్రి కథ చింపేసి మళ్ళీ మొదలుపెట్టాను. మొదటిసారి రాసినదాంట్లో ఒకమ్మాయే అన్నీ కనిపెట్టేది, మిగతా ఇద్దరూ "అబ్బ, ఎలా తెలిసింది?" అనడానికే ఉన్నారు. టీమ్ అని పేరే గానీ పని ఒక్కరిదే. ఇప్పుడు రాగి రేకులు పోకముందే పిల్లలు మ్యూజియంకి వెళ్ళి ఉంటారు. ఇలాంటి శాసనాల్లో రేకులన్నిటికీ చిల్లు పెట్టి ఒక కడియానికి గుచ్చుతారు, కడియానికి రాజముద్ర ఉంటుంది. చదవడానికి ఆ కడియాన్ని కోసి రేకులు విడదీయడం మామూలే. ఆ కోత ఎక్కడుందో ఒకడు చూశాడు, రేకుల అంచు ఎలా వంగిందో ఇంకొకడు బొమ్మ గీశాడు, మూడో ఆవిడ ఎన్ని వరుసలున్నాయో లెక్కపెట్టింది. ఎవరికి వాళ్ళకి తెలిసింది చిన్న ముక్కే, ముగ్గురి నోటుబుక్కులూ పక్కపక్కన పెడితేగానీ పెట్టెలో ఇప్పుడున్నది నకిలీదని బయటపడదు. అవును, శాసనం పోయిందని కథలో ఎవరికీ తెలీదు. అలా పెట్టింది పెద్దదే.

"మరి దొంగ?" అన్నాడు చిన్నోడు. ఏమో, దొరక్కపోవచ్చు అన్నాను. 1961లో నలందా మ్యూజియంలో పోయిన 14 విగ్రహాల్లో ఒక బుద్ధుడు 57 ఏళ్ళ తర్వాత, 2018లో, లండన్‌నుంచి తిరిగొచ్చాడు, అప్పటికి దాన్ని ఎత్తుకెళ్ళినవాళ్ళు ఎక్కడున్నారో ఎవరు చెప్పగలరు? వాడికి ఇది అస్సలు నచ్చలేదు. దొంగ దొరకాల్సిందే, కుక్క కరవాల్సిందే అని కూర్చున్నాడు. పెద్దదేమో వద్దంటుంది. పక్కింటి పిల్లాడు ఎటూ తేల్చడు.

నిన్న ముగ్గురూ నా బల్ల సొరుగులోవన్నీ బయటికి తీసి కొలుస్తున్నారు. రాత్రి పెన్ను కోసం వెతికితే కనబడలేదు. పొడవు, రంగు, మూత మీద పంటి గాట్లతో సహా వివరాలన్నీ రాసిన కాగితం మాత్రం దొరికింది.