ఈ నూనె ఎవరు పోశారు సార్?

మూడు నెలల తర్వాత నిన్న సాయంత్రం నా ఆక్టేవియా ఆర్‌ఎస్ మళ్లీ కారులా నడిచింది. ఆ సంతోషం, దానికి రెట్టింపుగా ఉన్న సిగ్గు ఆరిపోకముందే రాస్తున్నాను.

బండి 2005 మోడల్. 1.8 లీటర్ల టర్బో పెట్రోలు ఇంజిను, సిలిండరుకు ఐదు వాల్వులు, కంపెనీ చెప్పిన శక్తి 150 హార్స్‌పవర్. కొనడం, ఆర్సీ నా పేరు మీదకు రావడం, టైమింగ్ బెల్టు మార్పించడం అన్నీ సాఫీగా అయిపోయాయి. ఇంజిన్ కంప్యూటర్‌లోని మ్యాప్, అంటే ఎంత గాలికి ఎంత పెట్రోలు వంటి లెక్కల పట్టికలు, మార్పిస్తే మరో 30, 40 హార్స్‌పవర్ వస్తుందని విన్నప్పటి నుంచే నాకు నిద్ర కరువైంది. వయసు 52. నవ్వుకోండి.

ట్యూనింగ్ కోసం హైదరాబాద్‌లో మొదట వెళ్లిన చోట బండిని చూడకుండానే ధర చెప్పారు. పావుగంటలో ఫైలు ఎక్కించి పంపుతారట. దానితో పాటు గాలిని కొలిచే మాఫ్ సెన్సర్‌కు మూడంగుళాల పెద్ద గొట్టం వేసుకోమన్నారు. పెద్ద గొట్టమైతే గాలి ఎక్కువ వస్తుందన్నది వాళ్ల వాదన. నేను ఇంటర్ పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పేవాణ్ణి. ఊరుకుంటానా? గొట్టం వ్యాసం పది శాతం పెరిగితే వైశాల్యం 21 శాతం పెరుగుతుంది, అదే గాలి నెమ్మదిగా పోతుంది, సెన్సర్‌కు ఆరో వంతు తక్కువగా కనిపిస్తుంది. కంప్యూటర్ ఆ తప్పు లెక్క నమ్మి పెట్రోలు తగ్గిస్తుంది. ఇంజిను లీన్‌గా, అంటే గాలి ఎక్కువై పెట్రోలు చాలక, నడుస్తుంది. టర్బో బండికి నిండు వేగంలో అంతకంటే చేటు లేదు. మ్యాప్‌లో గాలి పట్టికను కూడా మారుస్తారా అని అడిగితే ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. లేచి వచ్చేశాను. ఇక్కడి వరకు నేను హీరోనే.

వచ్చేటప్పుడు ఖాళీ చేతులతో రావడం ఇష్టంలేక, ఉతికి వాడుకునే నూలు ఎయిర్ ఫిల్టర్ ఒకటి కొన్నాను. రెండు నెలలకు దాన్ని ఉతికి, ఆరబెట్టి, పెట్టెలో వచ్చిన నూనె నా చేత్తోనే పట్టించి బిగించాను.

వారానికల్లా బండి నీరసపడింది. ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ఆటోలు దాటిపోతున్నాయి. ఇంజిన్ లైటు వెలిగింది, కోడు 17536: మిశ్రమం లీన్. మా వీధి చివరి మెకానిక్ పెట్రోలు పంపు పోయిందన్నాడు. 6,500 రూపాయలు పెట్టి మార్చాను. ఏమీ మారలేదు. మాఫ్ సెన్సర్ ప్లగ్ పీకి నడిపి చూశాను. అప్పుడు కంప్యూటర్ థ్రాటిల్ (గాలి దారి తలుపు) ఎంత తెరుచుకుందో, ఇంజిను ఎంత వేగంగా తిరుగుతోందో చూసి గాలిని అంచనా వేసుకుని నెట్టుకొస్తుంది. ప్లగ్ పీకాక బండి మెరుగైందంటే సెన్సర్‌ను అనుమానించాల్సిందే. మెరుగైంది.

రాణిగంజ్‌లో ఒక షాపులో 4,200 పెట్టి కొత్తది తెచ్చి వేశాను. నాలుగు రోజులు గుర్రంలా పరుగెత్తింది. ఐదో రోజు మళ్లీ అదే లైటు. నా కోపం ఊహించుకోండి. షాపుకు వెళ్లి, నలుగురు వింటుండగా, నకిలీ సరుకు అంటగట్టారని చెడామడా తిట్టాను. పెద్దాయన, పాపం, "తిరిగి ఇచ్చేయండి సార్, చూస్తాను" అన్నాడు. నాకు చూడటం వద్దని వచ్చేశాను.

ఆ తర్వాత వెళ్లింది డైనో రోలర్లున్న, అంటే బండిని ఉన్నచోటే పరుగెత్తించి శక్తి కొలిచే, గ్యారేజీకి. అక్కడి కుర్రాడికి ఇరవై రెండేళ్లుంటాయేమో. బండిని రోలర్ల మీద కట్టి, ల్యాప్‌టాప్ తగిలించి, మూడో గేరులో 6,500 ఆర్‌పీఎం దాకా లాగాడు. సెకనుకు 92 గ్రాముల గాలి. మా ఇంజిన్లకు ఆ అంకెను 0.8తో భాగిస్తే హార్స్‌పవర్ సుమారుగా వస్తుంది. అంటే 115. చుట్టూ తమ కార్ల కోసం ఎదురుచూస్తున్నవాళ్లు నలుగురైదుగురు. వాళ్లలో ఒకాయన "డీజిలా?" అని అడిగాడు.

పరువు నిలుపుకోవాలి కదా. మాఫ్ సెన్సర్‌లో వేడెక్కిన సన్నని పొర, దాని మీద గాలి, ఎంత వేడి పోతే అంత గాలి ఉన్నట్టని పాఠం మొదలుపెట్టాను. ఐడిల్‌లో, అంటే బండి నిలబడి ఇంజిను మాత్రం తిరుగుతున్నప్పుడు, కంప్యూటర్ చేసే పెట్రోలు దిద్దుబాటు సరిగ్గా ఉంది, నడకలో మాత్రం పెట్రోలు 16 శాతం అదనంగా పోయాల్సి వస్తోంది, కాబట్టి గొట్టాల్లో చిల్లు కాదు, సెన్సరే తక్కువ చూపిస్తోందని కూడా తేల్చాను. ఆ తేల్చడంలో తప్పు లేదు, ఇప్పటికీ ఆ మాటకు కట్టుబడి ఉన్నాను. కుర్రాడు తలూపుతూ విన్నాడు. వింటూనే గొట్టం విప్పి, లోపల వేలు పెట్టి తిప్పి, బయటికి తీసి లైటు కింద పట్టాడు. వేలంతా ఎర్రని జిడ్డు.

"మీరు చెప్పిందంతా నిజమే సార్. మరి ఈ నూనె ఎవరు పోశారు?"

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. టీ తెచ్చిన అబ్బాయి కూడా గ్లాసు అక్కడ పెట్టి నెమ్మదిగా జారుకున్నాడు. పెద్ద గొట్టం వేస్తే ఏం జరుగుతుందని పావుగంట ఉపన్యాసం ఇచ్చి వచ్చానో, అదే తప్పు లెక్కను నూనె సీసాతో నేనే తెచ్చిపెట్టుకున్నాను. ఫిల్టరు నుంచి గాలితో పాటు వెళ్లిన నూనె సెన్సర్ పొర మీద పేరుకుంది. పాత సెన్సర్‌ను చెడగొట్టిందీ అదే, కొత్తదాన్ని చెడగొట్టిందీ అదే.

ఫిల్టరు తీసి పారేసి కంపెనీ కాగితం ఫిల్టరే వేశాడు. పాత సెన్సర్‌ను మాఫ్‌లకోసమే వచ్చే స్ప్రేతో కడిగాడు. వేలితోగానీ దూదితోగానీ తాకనివ్వలేదు, కార్బ్యురేటర్ క్లీనర్ దగ్గరికి కూడా రానివ్వలేదు. ఆరాక మళ్లీ లాగితే 118 గ్రాములు, అంటే 147 హార్స్‌పవర్. ఇరవయ్యేళ్ల బండికి ఇంకేం కావాలి?

మ్యాప్ పని ఒక్క పూటలో అయిపోయింది. గొట్టం పాతదే ఉంచాం. మా చిన్న టర్బో ఊదే గాలిని కొలవడానికి అది చాలు. 95 ఆక్టేన్ పెట్రోలు పోయించి, మూడుసార్లు లాగి, నాక్ (పెట్రోలు అదుపు తప్పి పేలే చప్పుడు) వస్తోందో లేదో చూసి, కొద్దికొద్దిగా దిద్దుతూ 149 గ్రాముల దగ్గర ఆపాడు. ఇంకొంచెం పెంచమంటే పెంచనన్నాడు. లాగ్‌లు, అంటే బండి నడుస్తుండగా నమోదైన అంకెలు, అడగకుండా ఫైలు ఎక్కించేవాడి దగ్గరికి వెళ్లకండి. పెంచనని చెప్పగలిగేవాడు దొరికితే వదలకండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఆర్సీలోని వివరాలు కంపెనీ ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చనివ్వదు, బీమా కంపెనీకి చెప్పకుండా దాచడమూ తప్పే. నేనేం చేశానో మాత్రం అడగకండి.

4,200 పెట్టిన సెన్సర్ ఇప్పుడు సొరుగులో ఉంది. దాన్నీ కడిగి చూశాను, నిక్షేపంగా పనిచేస్తోంది. పెట్టె మీద అచ్చు కాస్త అలికినట్టుందని నా అనుమానం నాకుంది. రాణిగంజ్ వెళ్లి ఆ పెద్దాయనకు క్షమాపణ చెప్పి రమ్మని మా ఆవిడ పోరుతోంది. ఆదివారం తప్పకుండా వెళ్తానన్నాను. ఆదివారం ఆ షాపు తెరవరు.