పురుగుల పెట్టె, పరుపు కింద కలుపు మొక్కలు

బాపట్లలో వ్యవసాయ కళాశాల 1945లో వచ్చింది, తిరుపతిలో 1961లో. ఆనాటి ఏజీ బీయస్సీ హాస్టళ్ళ గురించి మాట్లాడితే మెస్సు బిల్లుల దగ్గరే ఆగిపోతాం. చదువులో భాగంగా పురుగుల్ని పట్టి, సూదులకి గుచ్చి దాచే పెట్టె, గదిలో సగం చోటు ఆక్రమించింది, దాని గురించి కూడా ఎవరో ఒకరు రాసి పెట్టాలి.

వానలు పడ్డాక పురుగుల కోసం పొలం దాకా పోనక్కర్లేదు, వరండాలో ట్యూబులైటు చాలు. అమావాస్యకి అటూ ఇటూ రాత్రులు మంచివి. వెన్నెల కాస్తే దీపానికి వచ్చేవి బాగా తగ్గిపోతాయి. కొమ్ము పురుగు, కీచురాయి, పక్కన వరి ఉంటే పచ్చదోమ, కాండం తొలిచే పురుగు తాలూకు రెక్కల పురుగు. ఈ చివరిదాంట్లో ఆడదాన్ని గుర్తుపట్టడం తేలిక: పసుపు రంగు ముందు రెక్కలు, ఒక్కో రెక్క మీద ఒక నల్ల చుక్క.

చంపడానికి వెడల్పు మూతి సీసా. అడుగున క్లోరోఫాం గానీ ఇథైల్ ఎసిటేట్ గానీ పోసిన దూది, దాని మీద అట్టముక్క. అట్ట వెయ్యకపోతే తడి తగిలి రెక్కలు అంటుకుపోతాయి. సీతాకోకచిలుకనీ పెంకు పురుగునీ ఒకే సీసాలో పడేస్తే చిలుక రెక్కల మీది పొలుసు మొత్తం రాలిపోతుంది. పెంకు పురుగు ఒక పట్టాన చావదు, తొందరపడి తీస్తే సూది మీదే కాళ్ళాడిస్తుంది.

సూది ఎక్కడ పడితే అక్కడ గుచ్చకూడదు. పెంకు పురుగుకి కుడి రెక్క మీద, పైభాగంలో. నల్లి జాతి పురుగుకి వీపు మీది త్రికోణంలో. చిలుకకి రొమ్ము నడిమధ్యన. మొదటి రెండింటికీ సరిగ్గా మధ్యలో గుచ్చితే గుర్తింపుకి పనికొచ్చే భాగాలు పాడవుతాయి, అందుకే ఒక పక్కకి. చిలుక రెక్కల్ని పలక మీద పరిచి కాగితం పట్టీలతో బిగించి కొన్నాళ్ళు ఆరనివ్వాలి. గుచ్చకుండానే ఎండిపోతే ముట్టుకోగానే మీసాలు విరుగుతాయి. తడి ఇసుక డబ్బాలో ఒకటి రెండు రోజులు మూత పెట్టి ఉంచితే మెత్తబడుతుంది. ఇసుకలో రెండు చుక్కలు కార్బాలిక్ ఆమ్లం వెయ్యకపోతే బూజు పడుతుంది.

అసలు శత్రువు చీమ. ఒక్క రాత్రి చాలు, సూదులకి డొల్లలు మిగులుతాయి. టేబులు కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టాలి. పెట్టె మూలల్లో కలరా ఉండలు: గుండుసూది తలని వేడి చేసి ఉండలోకి దింపి, మొనని పెట్టెలో గుచ్చాలి. ఊరికే వదిలేస్తే ఉండ దొర్లి పురుగుల్ని విరగ్గొడుతుంది.

కలుపు మొక్కల్ని పేపర్ల మధ్య నొక్కి ఆరబెట్టడానికి పరుపూ, దాని మీద ట్రంకు పెట్టే. కామన్ రూములో పాత పేపర్లకి గిరాకీ అందుకే. మొదటి వారం రోజూ పేపరు మార్చకపోతే ఆకు నల్లబడుతుంది. తుంగని గడ్డతో సహా తవ్వాలి. గరిక పొడుగైతే తుంచకుండా మడిచి పెట్టాలి. గంగపాయల కూర మాత్రం ఎంత బరువు పెట్టినా ఆరదు, పేపర్ల మధ్యే బతికి ఉండి ఆకులు రాలుస్తుంది. దాన్ని ముందు మరిగే నీళ్ళలో ఒక్కసారి ముంచి తియ్యాలి.