కోడిపిల్లల కంట్లో చుక్క పడే వరకు

నిన్నటితో మా కోడిపిల్లలకు రెండో విడత టీకా చుక్క కూడా వేయడం అయిపోయింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

తెచ్చుకున్నవి ఇరవై అయిదు వనరాజా పిల్లలు. హైదరాబాదులోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే తయారుచేసిన రకం ఇది. నాటుకోళ్లలా రంగురంగులుగా ఉంటాయి, త్వరగా బరువెక్కుతాయి. "ఇవి పొదుగుతాయా, పాడా" అని మా అత్తగారు పెదవి విరిచారు. గుడ్లు పెడితే చాలదా?

వెచ్చదనం గురించి అందరూ భయపెడతారు గానీ అదేమీ పెద్ద విద్య కాదు. రైసుమిల్లు నుంచి తెచ్చిన ఊక రెండంగుళాల మందాన పోసి, చుట్టూ అట్టతో గుండ్రంగా దడి కట్టి, పైన బల్బు వేలాడదీశాను. మూలలుంటే అక్కడ ఒకదానిమీద ఒకటి ఎక్కి ఊపిరాడక చస్తాయి. మొదటి వారం 35 డిగ్రీల వేడి ఉండాలి, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించాలి. బల్బు కింద గుంపుగా చేరితే చలి, దూరంగా పోయి నోళ్లు తెరిస్తే వేడి. ఊకనే మేతనుకుని తినకుండా మొదటి మూడు రోజులు పైన కాగితం పరిచాను. నీళ్ల పళ్లెంలో గులకరాళ్లు వేశాను. వట్టి నూకలతో పెంచవచ్చని చెప్పేవాళ్ల మాట వినకండి, పిల్లల దాణాయే పెట్టండి. ఒకటి పందికొక్కు పాలైంది, ఆ రోజే ఇనుప వల కొట్టించాను.

అసలు కథ టీకాది. కొక్కెర తెగులు రాకుండా అయిదో రోజుకూ ఏడో రోజుకూ మధ్య కంట్లో లసోటా అనే టీకా చుక్క పడాలి. పశువుల ఆసుపత్రికి వెళ్లాను. గేదెలు తోలుకొచ్చిన వాళ్లంతా వరుసలో ఉన్నారు.

"ఎన్ని కోళ్లమ్మా?"

"ఇరవై అయిదు."

బల్ల దగ్గర కూర్చున్న ఆయన పక్కవాడి వంక చూసి నవ్వాడు. "ఇరవై అయిదింటికి టీకా! పండక్కి కూర వండుకుంటే సరిపోతుంది కదా. సీసా విప్పితే వంద డోసులు. మిగతావి ఎవరికి వేయమంటారు? వంద కోళ్లు పోగేసుకుని రండి." వరుసలో వాళ్లూ నవ్వారు. నా చెవులు ఎర్రబడ్డాయి. అక్కడి నుంచి మందుల దుకాణానికి వెళితే, అతను కరెంటు పోయిన ఫ్రిజ్‌లోంచి సీసా తీసి, ఐసు లేకుండా కవరులో పెట్టి ఇవ్వబోయాడు. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చల్లదనంలో ఉండాల్సిన మందు అది! తీసుకోలేదు.

అనపర్తి వైపు లక్షల కోళ్లున్న ఫారాలకైతే టీకా కోసం ఎవరూ వరుసలో నిలబడరు. కానీ మెడ మెలితిరిగి, పచ్చగా పారి, కోళ్లు రాలిపోయే ఆ రోగం ఇంట్లో ఎన్ని ఉన్నాయో లెక్కచూసి వస్తుందా?

సరే, వందే కదా అని వీధి వీధీ తిరిగాను. సంక్రాంతి పుంజులకు బాదంపప్పు పెట్టి పెంచే ఒక పెద్దమనిషి, పిల్లలకు చుక్క అనగానే "మా తాతలు వేశారా?" అన్నాడు. ఆయన భార్య మాత్రం బుట్టెడు పిల్లలను దొడ్డిదారిన పంపింది. తణుకులో కోళ్లమందుల దుకాణంలో సీసా కొన్నాను. రొయ్యల చెరువుల పుణ్యమా అని మాకు ఐసుకు కొదవ లేదు, ఫ్లాస్కు నిండా నింపుకున్నాను.

సీసా అడుగున మందు తెల్లటి బిళ్లలా ఉంటుంది. దానితో ఇచ్చిన చల్లటి ద్రావణం పోసి మెల్లగా కలపాలి, రెండు గంటల్లోపు వాడేయాలి. అందుకే ఎండెక్కకముందే అందరినీ మా పెరట్లోకి రమ్మన్నాను. పిల్లను ఎడమ అరచేతిలో పట్టుకుని, బొటనవేలితో తల పక్కకు తిప్పి ఒక్క చుక్క. అది కంటిమీద బుడగలా నిలుస్తుంది, రెప్ప వేశాక లోపలికి ఇంకుతుంది. అంతవరకూ వదలకూడదు. వదిలితే తల విదిలించి మందంతా మన చీర మీద చల్లుతుంది. పధ్నాలుగో రోజున గంబోరో అనే మరో తెగులుకు టీకా, నాలుగో వారంలో మళ్లీ లసోటా కూడా ఇలాగే కానిచ్చాం. నా పిల్లల్లో రోగంతో ఒక్కటీ పోలేదు, రాసిపెట్టుకోండి.

ఎనిమిదో వారంలో సూది వేయించాలి. సీసా ఎప్పుడు తెస్తున్నారని పుంజుల పెద్దమనిషే మనిషిని పంపి అడిగించాడు. ఈసారి డబ్బులు ముందే ఇమ్మన్నాను.