అనంతపురం నుంచి బెంగళూరుకు ఆరుగురం: ఎలక్ట్రిక్ కారు ఎలా ఎంచుకున్నామంటే

ఎలక్ట్రిక్ కారు కొందామనుకున్నాక నేను పెట్టుకున్న లెక్క ఒక్కటే. అమ్మానాన్న, మేమిద్దరం, పిల్లలిద్దరూ, మే నెల ఎండలో ఏసీ వేసుకుని దారిలో చార్జింగ్‌కి ఆగకుండా బెంగళూరు చేరాలి. 44వ నంబర్ హైవే మీద సుమారు 215 కిలోమీటర్లు. బ్రోచర్లు చూస్తే ఎంజీ విండ్సర్ 38 యూనిట్ల (kWh) బ్యాటరీకి 332 కిలోమీటర్లు, టాటా నెక్సాన్ 45కి 489, హ్యుందాయ్ క్రెటా 51.4కి (2025లో వచ్చినప్పుడు) 473, కియా కారెన్స్ క్లావిస్ అంతే బ్యాటరీకి 490 అని ఉంటుంది. అవన్నీ టెస్టు ల్యాబ్ అంకెలు, పక్కపక్కన పెట్టి చూసినా మన దారికి ఏమీ తేలదు.

అందుకే టెస్ట్ డ్రైవ్‌కి వెళ్లినప్పుడల్లా బండిని ఊర్లో తిప్పకుండా హైవే ఎక్కించి, ఏసీ పెట్టి, 90 మీద నిలకడగా నడిపి, వంద కిలోమీటర్లకు ఎన్ని యూనిట్లు ఖర్చవుతున్నాయో స్క్రీన్ మీద చూశాను. ఒకచోట షోరూమ్ అబ్బాయి "అంత దూరం ఎందుకు సార్, రేంజ్ బాగా వస్తాది" అన్నాడు గానీ నేను వదల్లేదు. 15, 16 అలా చూపించాయి. మనుషులు, సామాను నిండితే 17 వేసుకోవాలి, ఆషాఢంలో ఎదురుగాలి కొడితే ఇంకా ఎక్కువే. 17 లెక్కన బెంగళూరుకు 36, 37 యూనిట్లు కావాలి. చిన్న బ్యాటరీ విండ్సర్ అక్కడికక్కడే అయిపోతుంది. దాని వెనక సీటు 135 డిగ్రీల దాకా వాలుతుంది, నాన్నకు తెగ నచ్చింది, అయినా వద్దనుకున్నాం.

నాన్నకు మోకాళ్ల నొప్పులు. బ్యాటరీ కింద ఉండడంతో చాలా ఎలక్ట్రిక్ కార్లలో ఫ్లోర్ ఎత్తుగా ఉంటుంది, మోకాళ్లు పైకి లేచి తొడలకు ఆనిక దొరకదు. ఇంట్లో పెద్దవాళ్లను ప్రతి బండిలో కాసేపు కూర్చోబెట్టాకే మాట్లాడండి అని అందరికీ చెబుతున్నాను. నెక్సాన్, క్రెటా బెంగళూరు చేరతాయి, కానీ ఐదు సీట్లే. పిల్లలను ఒళ్లో పెట్టుకునే వయసు దాటింది. చివరికి మూడు వరసల క్లావిస్, పెద్ద బ్యాటరీది, ఖాయం చేశాం. మా పెనుకొండ దగ్గర ఫ్యాక్టరీలో తయారయ్యే బండి కావడం నాకు నిజంగా సంతోషం.

ఇంట్లో చార్జింగ్ మాట ఎవరూ సరిగ్గా చెప్పరు. 15 ఆంప్స్ సాకెట్‌తో గంటకు 3 యూనిట్లు ఎక్కుతాయి, రోజువారీ తిరుగుడుకు రాత్రి పెడితే చాలు, ఖాళీ బ్యాటరీ నిండాలంటే మాత్రం 17 గంటల పైమాటే. 7.2 కిలోవాట్ల చార్జర్ కావాలంటే ముందు కరెంటు ఆఫీసులో లోడ్ పెంచుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం ఎర్తింగ్. అది సరిగా లేకపోతే కారు చార్జింగే తీసుకోదు. మా పాత ఇంటిది చెక్ చేయిస్తే బాగోలేదని తేలింది. కొత్త గుంత తవ్వించి, ఉప్పు, బొగ్గు వేయించాకే బుకింగ్ డబ్బులు కట్టాను. ఎండాకాలమంతా ఆ గుంతలో నీళ్లు పోస్తుండాలని ఎలక్ట్రీషియన్ మరీ మరీ చెప్పాడు, మా ఎండు నేలల్లో అది తప్పదు.