తిరిగి వచ్చిన కేకు డబ్బా

జనవరి 16, రాత్రి

క్రిస్మస్‌కు కేకు పెట్టి కింది వాటా పిన్నిగారికి పంపిన స్టీలు డబ్బా ఈ రోజు తిరిగి వచ్చింది. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదన్న నియమాన్ని ఆవిడ ఇన్నేళ్లలో ఒక్కసారీ తప్పలేదు కనుక, లోపల సంక్రాంతి సకినాలు ఉంటాయని మూత తీయకముందే తెలుసు. నువ్వులూ వామూ పైకి కనబడుతూ, ఒక్కటైనా విరగకుండా పేర్చి ఉన్నాయి. వాటి పైన, నూనె అంటకుండా చిన్న కవరులో పెట్టిన నా సువార్త కరపత్రం ఉంది, కేకుతో పాటు నేను పంపినదే. మడత కూడా నలగలేదు.

"బిడ్డా, కేకు మంచిగుండె. ఈ కాయితం మాత్రం నువ్వే పెట్టుకో. నాకు నా దేవుడున్నడు" అన్నారు నవ్వుతూనే. నేనూ నవ్వి తలుపు వేశాను గాని, ఆ తరువాత చాలాసేపు సకినాలను ముట్టుకోలేదు. నా ప్రభువును కాదన్నారన్న బాధ అని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి అందులో సగానికి పైగా నా మాట చెల్లలేదన్న ఉక్రోషమే.

మా అబ్బాయి విని, మత ప్రచారం రాజ్యాంగం 25వ అధికరణం ఇచ్చిన హక్కే కదా అన్నాడు. నిజమే, కానీ ఆ అధికరణం అంతరాత్మ స్వేచ్ఛను ముందు చెప్పి, ప్రచారం మాట ఆ తరువాతే ఎత్తుతుంది. ఎదుటివారిని మతం మార్చే హక్కు అందులో ఇమిడి లేదని 1977లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అయినా కేకు డబ్బా దగ్గర కోర్టు తీర్పులెందుకు?

సాయంత్రం లూకా సువార్త 9వ అధ్యాయం తీశాను. యెరూషలేము వైపు వెళ్తున్నాడన్న కారణంతో, యూదులతో పొసగని సమరయుల గ్రామం ఒకటి యేసును చేర్చుకోలేదు. ఆకాశం నుంచి అగ్ని దిగి వాళ్లను దహించేలా ఆజ్ఞాపించమంటావా అని శిష్యులు యాకోబు, యోహాను అడిగితే, ఆయన గద్దించింది ఆ ఊరివారిని కాదు, వీరిద్దరినే. తరువాత అందరూ మరొక గ్రామానికి వెళ్లిపోయారు. చేర్చుకోని ఊరిని విడిచేటప్పుడు పాదధూళి దులిపివేయడం గురించి మా సంఘంలో ఎన్నో ప్రసంగాలు విన్నాను గాని, ఈ ఘట్టం మీద విన్నవి తక్కువ. మార్కు సువార్త 10వ అధ్యాయంలో ఆస్తిపరుడు దుఃఖపడుతూ వెళ్లిపోయినప్పుడు కూడా యేసు అతని వెంటపడలేదు, ఉన్నదంతా అమ్మి బీదలకు ఇమ్మన్న షరతు సడలించలేదు. అతన్ని చూచి ప్రేమించాడని మాత్రం అంతకు ముందే రాసి ఉంది. ఇక మా నిరీక్షణకు, అంటే మేము పెట్టుకున్న ఆశకు, హేతువు అడిగే ప్రతివానికి సాత్వికంతో సమాధానం చెప్పమన్నాడు యేసు శిష్యుడు పేతురు. పిన్నిగారు నన్నేమీ అడగలేదు. అడగని జవాబును కేకు కింద దాచి పంపింది నేనే.

దీపం ఆర్పబోతుండగా ఈ ఇంటికి వచ్చిన మొదటి సంవత్సరపు వినాయక చవితి గుర్తుకు వచ్చింది. ఆవిడ ఉండ్రాళ్లు తెస్తే, గుమ్మంలోనే నిలబెట్టి "మేము ప్రసాదం తినమండి" అన్నాను. ఎందుకో చెప్పలేదు, లోపలికి రమ్మనలేదు. ఆవిడ ముఖం ఒక్క క్షణం చిన్నబోయింది. మరుసటి పండుగకు మళ్లీ గిన్నెతో వచ్చి, "దేవునికి పెట్టకముందే మీకు తీసి పెట్టిన, తినుండ్రి" అన్నారు. అప్పటినుంచి ప్రతి పండుగకూ నైవేద్యానికి ముందే మా వంతు వేరవుతూనే ఉంది. నా తిరస్కారానికి ఆవిడ వంటింట్లో ఒక గిన్నె ఉంది. ఆవిడ తిరస్కారాన్ని నేను మధ్యాహ్నమంతా మోయలేకపోయాను.

అలాగని నా విశ్వాసం గురించి ఇక నోరు మెదపనని కాదు. అడిగితే చెబుతాను, ఆవిడ ఎదురుగా కూర్చుని, నా నోటితో.

లేచి రెండు సకినాలు తిన్నాను. కరకరలాడుతున్నాయి. డబ్బా కడిగి బోర్లించాను. పిన్నిగారికి షుగర్ ఉందని వాళ్ల కోడలు మొన్న మాటల్లో చెప్పింది. ఆ సంగతి నాకు ఇన్నాళ్లూ తెలియదు. ఈస్టరుకు కేకు కాకుండా ఇంకేదైనా చేయాలి.